తిరుపతికి పోతుంది, చిత్తూరికి పోదు: బ్రాంచీల మధ్య ప్యాకెట్ ఎక్కడ ఆగిపోతుంది?

తిరుపతిలో హెడ్డాఫీసు, చిత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి, పుత్తూరుల్లో బ్రాంచీలు ఉన్న ఒక వ్యాపారాన్ని ఊహించుకోండి. పాల సేకరణ కావచ్చు, మామిడి గుజ్జు కావచ్చు, బట్టల షోరూములు కావచ్చు. ప్రతి బ్రాంచి నుంచీ తిరుపతికి ఒక వీపీఎన్ టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా రెండు ఆఫీసుల్ని కలిపే గుప్త దారి) ఉంటుంది. సర్వర్లన్నీ తిరుపతిలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు. ఒకరోజు స్టాకు సర్వర్‌ని చిత్తూరు గోడౌనుకి మారుస్తారు. మర్నాడు పొద్దున్నే పలమనేరు నుంచి ఫోను: "అన్నా, తిరుపతికి పింగ్ పోతా ఉండాది, చిత్తూరికే పోలేదు. చిత్తూరోళ్లని అడిగితే వాళ్లకీ తిరుపతి వస్తా ఉండాదంట. మరి మా ఇద్దరి మధ్య ఏమొచ్చింది?"

పింగ్ అంటే అవతలి కంప్యూటరుకి ఒక చిన్న ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్క) పంపి, జవాబు వస్తుందో లేదో చూడటం. ఈ ఫోను చేసే ప్రతివాళ్ల మనసులోనూ ఒకటే లెక్క ఉంటుంది. పలమనేరు నుంచి తిరుపతి దాకా బాగుంది, తిరుపతి నుంచి చిత్తూరు దాకా బాగుంది, కాబట్టి పలమనేరు నుంచి చిత్తూరు కూడా బాగుండాలి. వినడానికి సబబుగానే ఉన్నా ఈ లెక్క తప్పు. టన్నెల్ బతికి ఉండటం వేరు, ఫలానా అడ్రసు నుంచి ఫలానా అడ్రసుకి పోయే ప్యాకెట్‌ని ఆ టన్నెల్ ఒప్పుకోవడం వేరు. పలమనేరు నుంచి తిరుపతికి పింగ్ పోయిందంటే ఆ రెండు అడ్రసుల జంట మాత్రమే సరిగ్గా ఉందని అర్థం. పలమనేరు, చిత్తూరు అనే జంట గురించి ఆ పింగ్ ఏమీ చెప్పదు. ఈ ముక్క అర్థం కానంతసేపూ టన్నెల్‌ని తీసేసి మళ్లీ పెట్టడం, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయడం, ఇంటర్నెట్ వాళ్లకి కంప్లైంట్ పెట్టడం జరుగుతూనే ఉంటాయి. సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

అసలు అన్నీ తిరుపతి మీదుగానే ఎందుకు పోవాలి, పలమనేరు నుంచి నేరుగా చిత్తూరికి ఒక టన్నెల్ వేసేస్తే పోదా అని అడగొచ్చు. రెండు బ్రాంచీలే అయితే వేసేయొచ్చు. పది చోట్లు అయ్యేసరికి ప్రతి దాన్నీ ప్రతి దానితో కలపాలంటే 45 టన్నెళ్లు కావాలి. అన్నిటినీ హెడ్డాఫీసుకే కలిపితే 9 చాలు. ఇంకో కారణం లెక్క కన్నా గట్టిది. స్టాటిక్ ఐపీకి (మారని పబ్లిక్ అడ్రసుకి) నెలనెలా డబ్బు కట్టేది సాధారణంగా హెడ్డాఫీసుకే. బ్రాంచిలో మామూలు ఫైబర్ కనెక్షనో, సిమ్ వేసిన రూటరో ఉంటుంది. వాటిలో చాలావాటికి సొంత పబ్లిక్ అడ్రసే ఉండదు. ఆపరేటర్ ఒకే పబ్లిక్ అడ్రసుని ఎంతోమందికి పంచి పెడుతుంది. రూటర్ వ్యాన్ పోర్టు (ఇంటర్నెట్ వైపు పోర్టు) మీద 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే అడ్రసు కనిపిస్తే అదే సంగతి. 2012లో ఆ రేంజిని ఈ పంపకం కోసమే ప్రత్యేకంగా పక్కన పెట్టారు. అలాంటి బ్రాంచి బయటికి పోయి టన్నెల్ కట్టగలదు కానీ బయటివాళ్లు వచ్చి దాని తలుపు తట్టలేరు. రెండు బ్రాంచీలదీ అదే పరిస్థితి అయితే మామూలు పద్ధతిలో వాళ్లిద్దరూ నేరుగా కలుసుకునే దారి లేదు. మధ్యలో తిరుపతి ఉండాల్సిందే.

ప్యాకెట్ వెంట నడవడం

అడ్రసులు వేసుకుందాం. /24 అంటే మొదటి మూడు అంకెలు ఆ ఊరివి, చివరిది అక్కడి ఒక్కో పరికరానిది; /16 అంటే మొదటి రెండు అంకెలే అందరికీ ఒకటి. తిరుపతి 10.20.0.0/24, చిత్తూరు 10.20.1.0/24, పలమనేరు 10.20.2.0/24, శ్రీకాళహస్తి 10.20.3.0/24. పలమనేరులో 10.20.2.25 అనే కంప్యూటరు చిత్తూరులోని 10.20.1.10 సర్వర్‌ని పలకరించాలి.

మొదట పలమనేరు కంప్యూటరు ఆ అడ్రసు తన ల్యాన్‌లోది (ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లోది) కాదని గుర్తించి ప్యాకెట్‌ని గేట్‌వేకి (బయటికి పంపే రూటర్‌కి) ఇస్తుంది. పలమనేరు రూటర్‌కి 10.20.1.0 అనే నెట్‌వర్క్ టన్నెల్ అవతల ఉందని తెలిసి ఉండాలి. తెలియకపోతే అది డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియనప్పుడు వాడే దారి) పట్టుకుని ఇంటర్నెట్‌లోకి పోతుంది. 10తో మొదలయ్యే ప్రైవేటు అడ్రసుకి అక్కడ దిక్కుండదు. తెలిస్తే తిరుపతికి చేరుతుంది. తిరుపతి రూటర్‌కి చిత్తూరు దారి తెలుసు, కానీ ఒక టన్నెల్‌లోంచి వచ్చినదాన్ని ఇంకో టన్నెల్‌లోకి పంపడానికి దానికి అనుమతి ఉండాలి. ఆపైన చిత్తూరు టన్నెల్ 10.20.2.25 నుంచి వచ్చినదాన్ని ఒప్పుకోవాలి. చిత్తూరు రూటర్ దాన్ని సర్వర్‌కి అందించాలి.

ఇక్కడికి సగం పనే అయింది. శ్రీకాళహస్తి నుంచి తిరుపతి బస్టాండులో మారి పలమనేరు పోయినవాడికి తిరుగు బస్సు దొరక్కపోతే ఇంటివాళ్లకి మనిషి అసలు చేరాడో లేదో తెలియదు. పింగ్ కూడా అంతే. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని తెర మీద పడితే పోయేటప్పుడు ఆగిందా, వచ్చేటప్పుడు ఆగిందా అన్నది అందులో ఉండదు. పై పరంపర అంతా చిత్తూరు నుంచి పలమనేరుకి తిరగేసి మళ్లీ జరగాలి. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువగా తిరుగు దారిలోనే దొరుకుతుంది. కారణం సులువు. ఫోను చేసేది పలమనేరు కాబట్టి అందరూ పలమనేరు రూటరే చూస్తారు. చిత్తూరు రూటర్‌లోకి లాగిన్ అవ్వాలన్న ఆలోచన మధ్యాహ్నానికి గానీ రాదు.

పింగ్ కొట్టే ముందు ఒక మాట. చాలామంది రూటర్‌లోకి లాగిన్ అయి అక్కడి నుంచే అవతలి బ్రాంచికి పింగ్ కొడతారు. అప్పుడు ఆ ప్యాకెట్ మీద పంపినవారి అడ్రసుగా రూటర్ వ్యాన్ అడ్రసో, టన్నెల్ అడ్రసో పడుతుంది. ల్యాన్ అడ్రసు పడదు. ఆ అడ్రసుకి దారి ఎవరికీ తెలియకపోతే పింగ్ ఫెయిలవుతుంది, నిజానికి కంప్యూటర్ల మధ్య అంతా బాగానే ఉన్నా సరే. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది: రూటర్ నుంచి పింగ్ పోతుంది, కంప్యూటరు నుంచి పోదు. అందుకే పింగ్‌ని ఆ ల్యాన్‌లోని కంప్యూటరు నుంచే కొట్టాలి, లేదా రూటర్‌లో సోర్సు అడ్రసుగా ల్యాన్ అడ్రసు ఇచ్చి కొట్టాలి. సోర్సు ఇవ్వకుండా కొట్టిన పింగ్ మీద ఆధారపడి ఎవరైనా ఏదైనా చెబితే నేను పట్టించుకోను.

తిరుపతిలో నిలబడి చూడాలి

రెండు బ్రాంచీల మధ్య పోయే ప్రతి ప్యాకెట్టూ, దాని జవాబూ హబ్‌లోంచే, అంటే తిరుపతి రూటర్‌లోంచే పోవాలి. కాబట్టి చూడాల్సిన మొదటి చోటు అదే. పలమనేరులో ఒకరిని ఆగకుండా పింగ్ కొడుతూ ఉండమని చెప్పి, తిరుపతి రూటర్‌లో ప్యాకెట్ క్యాప్చర్ (వచ్చిపోయే ప్యాకెట్లని తెర మీద చూపించేది) పెట్టండి. లినక్స్ బాక్సు అయితే టీసీపీడంప్ చాలు. ఫైర్‌వాల్ బాక్సుల్లో దాదాపు అన్నిటికీ సొంత క్యాప్చర్ ఉంటుంది. 10.20.1.10 అనే ఒక్క అడ్రసుని ఫిల్టర్‌లో పెడితే తెర మీద నాలుగు దృశ్యాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఏమీ రావడం లేదంటే పలమనేరు వైపు తప్పు ఉంది. పలమనేరు టన్నెల్‌లోంచి లోపలికి వస్తోంది కానీ చిత్తూరు టన్నెల్‌లోకి పోవడం లేదంటే తప్పు తిరుపతిలోనే ఉంది. లోపలికి వచ్చి, అటు పోయి, జవాబు మాత్రం రావడం లేదంటే చిత్తూరు సంగతి చూడాలి. జవాబు చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చి అక్కడ ఆగిపోతే మళ్లీ తిరుపతిదే తప్పు, ఈసారి తిరుగు ప్రయాణానికి సంబంధించింది. ఒక్క క్యాప్చర్‌తో మూడు ఊళ్ల సమస్య ఒక ఊరికి తగ్గిపోతుంది. దీనికి ముందే మూడు రూటర్ల కాన్ఫిగరేషన్లు ప్రింట్ తీసి లైన్ లైనూ చదవడం నాకు శుద్ధ దండగ అనిపిస్తుంది.

లినక్స్‌లో ఐపీసెక్‌ని (ప్యాకెట్లని గుప్తంగా మార్చి పంపే పద్ధతిని) పాలసీ పద్ధతిలో, అంటే ఏ అడ్రసుల జంట టన్నెల్‌లోకి పోవాలో జాబితా రాసి వాడితే ఒక చిన్న ఇబ్బంది ఉంది. లోపలికి వచ్చే ప్యాకెట్ గుప్తరూపంలో ఒకసారి, విప్పాక ఇంకోసారి కనిపిస్తుంది. బయటికి పోయేది మాత్రం గుప్తరూపంలోనే కనిపిస్తుంది. 'పోవడం లేదు' అని తొందరపడి తేల్చకుండా, చిత్తూరు పబ్లిక్ అడ్రసు వైపు ఈఎస్‌పీ (ఐపీసెక్ గుప్తరూప) ప్యాకెట్లు అదే లయలో పోతున్నాయేమో చూడాలి.

ట్రేస్‌రూట్ (ప్యాకెట్ దారిలో తగిలే రూటర్లని వరసగా చూపించేది) కూడా పనికొస్తుంది, కాకపోతే జాగ్రత్తగా చదవాలి. నక్షత్రాలు పడితే అక్కడ తెగిపోయిందని కాదు. ఆ రూటర్ జవాబు ఇవ్వడానికి ఇష్టపడలేదని మాత్రమే. విండోస్ ట్రేసర్ట్ ఐసీఎంపీ (పింగ్ వాడే రకం ప్యాకెట్లు) పంపుతుంది, లినక్స్ ట్రేస్‌రూట్ మామూలుగా యూడీపీ (ఇంకో రకం) పంపుతుంది. అందుకే ఒకే చోటికి రెండూ వేరువేరు కథలు చెప్పొచ్చు. నేను అందులో చూసేది ఒక్కటే: రెండో అడుగు ఎక్కడ పడింది? తిరుపతి అడ్రసు కనిపించాల్సిన చోట ఇంటర్నెట్ ఆపరేటర్ అడ్రసు కనిపిస్తే ప్యాకెట్ టన్నెల్‌లోకి ఎక్కలేదు, రోడ్డున పడింది.

పలమనేరులోనే ఆగిపోతే

ఎక్కువసార్లు కారణం సెలెక్టర్లు, అంటే టన్నెల్‌లోకి ఏది పోవాలో చెప్పే అడ్రసుల జంటలు. పాలసీ పద్ధతి ఐపీసెక్‌లో రూటింగ్ టేబుల్ కన్నా ముందు ఒక జాబితా మాట చెల్లుతుంది: ఈ నెట్‌వర్క్ నుంచి ఆ నెట్‌వర్క్‌కి పోయేది మాత్రమే టన్నెల్‌లోకి. మొదట్లో పలమనేరు టన్నెల్ వేసినప్పుడు ఇటు 10.20.2.0/24, అటు 10.20.0.0/24 అని రాసి ఉంటారు. చిత్తూరు ఆ జాబితాలో లేదు. దాన్ని చేర్చాలంటే పలమనేరులో ఒక్కచోట చేరిస్తే సరిపోదు. పలమనేరు నుంచి తిరుపతి టన్నెల్ రెండు కొసల్లో, తిరుపతి నుంచి చిత్తూరు టన్నెల్ రెండు కొసల్లో, మొత్తం నాలుగుచోట్ల చేర్చాలి. తిరుపతిలో రాసేటప్పుడు పలమనేరు టన్నెల్‌కి చిత్తూరు నెట్‌వర్క్ 'లోకల్' అవుతుంది, చిత్తూరు టన్నెల్‌కి పలమనేరు నెట్‌వర్క్ 'లోకల్' అవుతుంది. మన దగ్గర లేని నెట్‌వర్క్‌ని లోకల్ అని రాయాలంటే చెయ్యి ఆడదు, అక్కడే చాలామంది తిరగేసి రాస్తారు.

ఇన్ని జంటలు ఎవరు రాస్తారని కొందరు బ్రాంచి వైపు అవతలి నెట్‌వర్క్‌ని 10.20.0.0/16 అని ఒకేసారి పెట్టేస్తారు. మంచి ఆలోచనే. కాకపోతే పలమనేరు సొంత 10.20.2.0/24 కూడా ఆ పెద్ద రేంజిలోదే. లినక్స్ బాక్సుల్లో ఐపీసెక్ జాబితా రూటింగ్‌ని పక్కకి నెట్టేస్తుంది కాబట్టి, రూటర్ సొంత ల్యాన్‌కి పంపాల్సిన జవాబు కూడా టన్నెల్‌లోకి దూరుతుంది. బ్రాంచిలో కూర్చుని బ్రాంచి గేట్‌వేకే పింగ్ పోదు. సొంత ల్యాన్‌కి మినహాయింపు పాలసీ ఒకటి రాస్తే సర్దుకుంటుంది.

రూటు పద్ధతి టన్నెల్ అయితే ఈ గొడవ చాలా తగ్గుతుంది. టన్నెల్ ఒక ఇంటర్‌ఫేస్‌లా ఉంటుంది, రూటింగ్ టేబుల్ ఎటు చెబితే అటు పోతుంది. కొత్తగా వేసేవాళ్లు ఇదే వేసుకోవడం మేలు.

వైర్‌గార్డ్ అనే వీపీఎన్ 2020లో లినక్స్ కెర్నెల్ 5.6తో వచ్చేసింది కాబట్టి ఇప్పుడు చిన్న వ్యాపారాల్లోనూ కనిపిస్తోంది. దాంట్లో 'అలౌడ్ ఐపీస్' అనే ఒక్క లైను రెండు పనులు చేస్తుంది: పంపేటప్పుడు రూటింగ్ టేబుల్, అందుకునేటప్పుడు గేటు దగ్గర కాపలా. పలమనేరు కాన్ఫిగ్‌లో తిరుపతి పేరు కింద 10.20.0.0/24 మాత్రమే ఉంటే చిత్తూరికి పోయేది టన్నెల్ ఎక్కదు. చిత్తూరు కాన్ఫిగ్‌లో కూడా పలమనేరు రేంజి లేకపోతే, పలమనేరు నుంచి వచ్చిన ప్యాకెట్‌ని తిరుపతి పంపినా చిత్తూరు చప్పుడు లేకుండా పారేస్తుంది. లాగ్‌లో ఏమీ కనిపించదు. తిరుపతి వైపు మాత్రం ప్రతి బ్రాంచి పేరు కింద ఆ బ్రాంచి రేంజి మాత్రమే ఉండాలి. ఒకే రేంజిని రెండు బ్రాంచీల కింద రాస్తే చివర చేర్చినదే గెలుస్తుంది. మొదటి బ్రాంచి ఏ కారణం చెప్పకుండా మాయమవుతుంది.

ఇంకో దొంగ నాట్. ల్యాన్ నుంచి బయటికి పోయే ప్రతిదాని సోర్సు అడ్రసునీ మార్చేసే నియమం ఇంటర్నెట్ కోసం ప్రతి బ్రాంచిలోనూ ఉంటుంది. తిరుపతికి పోయేవాటికి మినహాయింపు రాసి ఉంటారు, చిత్తూరికి రాసి ఉండరు. నాట్ ముందు జరిగి ఐపీసెక్ తర్వాత చూస్తుంది కాబట్టి అడ్రసు మారిన ప్యాకెట్ ఏ సెలెక్టర్‌కీ సరిపోదు, ఇంటర్నెట్‌లోకి పోతుంది. మినహాయింపుని 10.20.0.0/16 మొత్తానికి రాసేస్తే పని అయిపోతుంది.

తిరుపతిలో ఆగిపోతే

హబ్ తనకోసం వచ్చినవి తీసుకోవడం వేరు, ఇంకొకరివి అందుకుని ఇంకొకరికి అందించడం వేరు. లినక్స్‌లో ఐపీ ఫార్వర్డింగ్ మామూలుగా ఆపి ఉంటుంది. దాన్ని ఆన్ చేశాక కూడా రివర్స్ పాత్ ఫిల్టర్ కఠినంగా ఉంటే, జవాబు వేరే ఇంటర్‌ఫేస్‌లోంచి పోతుందనుకున్న ప్యాకెట్‌ని అది పారేస్తుంది. క్యాప్చర్‌లో వచ్చినట్టు కనిపిస్తుంది, ఆ తర్వాత జాడ ఉండదు. ఫోర్టిగేట్ లాంటి ఫైర్‌వాల్ బాక్సుల్లో ఒక టన్నెల్ నుంచి ఇంకో టన్నెల్‌కి ప్రత్యేకంగా పాలసీ రాయాలి. బ్రాంచి నుంచి ల్యాన్‌కి రాసిన పాలసీ ఇక్కడ పనికిరాదు. సిస్కో ఏఎస్ఏలో రెండు టన్నెళ్లూ ఒకే బయటి పోర్టు మీద ఉంటాయి కాబట్టి, వచ్చిన పోర్టులోంచే మళ్లీ పోవడానికి విడిగా అనుమతి ఇవ్వాలి. మామూలుగా ఆ అనుమతి ఉండదు.

తిరుపతిలో రెండు ఇంటర్నెట్ లైన్లు, రెండు ఫైర్‌వాల్‌లు ఉంటే ఇంకో తలనొప్పి. ప్యాకెట్ ఒకదాంట్లోంచి పోయి జవాబు ఇంకోదాంట్లోంచి వస్తుంది. ఆ రెండోది మొదలు చూడని సంభాషణలో మధ్య ముక్కని చూసి అనుమానంతో పారేస్తుంది. పింగ్ ఒక్కోసారి పోతుంది, వెబ్ పేజీ మాత్రం తెరుచుకోదు.

చిత్తూరులో జవాబు ఆగిపోతే

ఒక అమరిక మన ఊళ్లలో చాలాచోట్ల ఉంటుంది. చిత్తూరు గోడౌన్‌లో ఇంటర్నెట్ ఫైబర్ మోడెమ్‌కి 10.20.1.1 అడ్రసు, వీపీఎన్ బాక్సుకి 10.20.1.2. సర్వర్ గేట్‌వేగా మోడెమ్‌ని పెట్టుకుని ఉంటుంది, ఎందుకంటే మోడెమ్ ముందు వచ్చింది, వీపీఎన్ తర్వాత వచ్చింది. మరి తిరుపతికి ఎలా పోతోంది? సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రూట్ ప్రింట్ కొట్టండి. కింద పర్సిస్టెంట్ రూట్స్ అనే చోట ఒక వరస కనిపిస్తుంది: 10.20.0.0, మాస్కు 255.255.255.0, గేట్‌వే 10.20.1.2. ఎప్పుడో ఎవరో చేత్తో చేర్చిన రూటు. తిరుపతికి దారి ఉంది. 10.20.2.0 అనే వరసే లేదు. పలమనేరు నుంచి ప్యాకెట్ సర్వర్ దాకా భేషుగ్గా వచ్చింది, సర్వర్ జవాబు కూడా రాసింది, ఆ జవాబుని మోడెమ్ చేతిలో పెట్టింది. మోడెమ్ దాన్ని ఇంటర్నెట్‌లోకి తోసింది. మూడు రూటర్లలోనూ ఒక్క తప్పు కూడా లేదు. టన్నెళ్లని ఎన్నిసార్లు తీసి పెట్టినా ఇది బాగుపడదు.

ఆ వరస తీసేసి మాస్కు 255.255.0.0తో మళ్లీ రాస్తే అన్ని బ్రాంచీలకీ ఒకేసారి దారి పడుతుంది. సొంత ల్యాన్ కూడా ఆ పెద్ద రేంజిలోకే వస్తుంది కదా, అది చెడదా అంటే చెడదు. రూటింగ్ టేబుల్‌లో రెండు వరసలు సరిపోతే ఎక్కువ కచ్చితమైనదే గెలుస్తుంది, సర్వర్‌కి 10.20.1.0/24 నేరుగా తెలుసు కాబట్టి అదే వాడుతుంది. ఇంతకన్నా శుభ్రమైన పని సర్వర్ గేట్‌వేని వీపీఎన్ బాక్సుకి మార్చి, ఇంటర్నెట్‌ని కూడా దాని వెనకే పెట్టడం. అప్పుడు ప్రింటర్లకీ, హాజరు మిషన్లకీ విడిగా రూట్లు రాసే అవస్థ ఉండదు. వాటిలో చాలావాటికి రూటు రాసే వీలే ఉండదు కూడా.

హాజరు మిషన్ల మాట వచ్చింది కాబట్టి: వేలిముద్ర మిషన్, సీసీ కెమెరా రికార్డర్, ప్రింటర్, ఈ మూడింటిలో గేట్‌వే గడి ఖాళీగానో 0.0.0.0 అనో ఉండటం ఎంత మామూలో చెప్పలేను. అమర్చినవాడు పక్క కంప్యూటర్ నుంచి తెరిచి చూసి, వచ్చింది అని వెళ్లిపోతాడు. ల్యాన్ లోపల గేట్‌వే అక్కర్లేదు కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది.

సర్వర్ విండోస్ అయితే దాని ఫైర్‌వాల్ సంగతి మరిచిపోవద్దు. ప్రైవేటు ప్రొఫైల్‌లో పింగ్, ఫైల్ షేరింగ్ నియమాల పరిధి మామూలుగా లోకల్ సబ్‌నెట్ వరకే ఉంటుంది. ఎవరో ఆ పరిధిలో తిరుపతి రేంజిని చేర్చి ఉంటారు, పలమనేరుని చేర్చరు. రూటింగ్ పక్కాగా ఉన్నా పింగ్ రాదు. క్యాప్చర్ సర్వర్ మీదే పెడితే ప్యాకెట్ వచ్చి చేరినట్టు కనిపిస్తుంది, జవాబు పుట్టదు.

ఒకే అడ్రసు రెండుచోట్ల ఉంటే మాత్రం ఏ రూటూ కాపాడలేదు. కొత్త బ్రాంచి తెరిచిన రోజు మోడెమ్‌తో వచ్చిన 192.168.1.0/24నే ఉంచేస్తారు. అలాంటివి రెండయ్యాక ఒకదానికి ఇంకోటి తన ల్యాన్‌లాగే కనిపిస్తుంది, ప్యాకెట్ గేట్‌వే దాకా కూడా పోదు. నాట్ పెట్టి అడ్రసుల్ని మార్చి చూపించే ఉపాయం ఉంది కానీ, ఓ ఆదివారం కూర్చుని బ్రాంచి అడ్రసులు మార్చేయడమే సుఖం.

రూటింగ్ ప్రోటోకాల్ నడుపుతుంటే

చేత్తో రూట్లు రాయడం విసుగొచ్చి డైనమిక్ రూటింగ్ (రూటర్లే ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) పెట్టినవాళ్లకి వచ్చే చిక్కు వేరు. పలమనేరు రూటింగ్ టేబుల్‌లో తిరుపతి కనిపిస్తుంది, చిత్తూరు కనిపించదు. తిరుపతి టేబుల్‌లో మాత్రం రెండూ ఉంటాయి. అంటే హబ్ విన్నది అవతలివాళ్లకి చెప్పడం లేదు.

రిప్, ఈఐజీఆర్‌పీ అనే రూటింగ్ ప్రోటోకాల్‌లలో స్ప్లిట్ హొరైజన్ అనే నియమం ఉంది: ఏ ఇంటర్‌ఫేస్‌లో ఒక రూటు విన్నావో అదే ఇంటర్‌ఫేస్‌లో దాన్ని తిరిగి చెప్పకు. లూపులు రాకుండా పెట్టిన మంచి నియమం. కానీ అన్ని బ్రాంచీలూ హబ్‌లోని ఒకే మల్టీపాయింట్ టన్నెల్ ఇంటర్‌ఫేస్‌కి తగులుకుని ఉంటే, చిత్తూరు గురించి విన్నదాన్ని పలమనేరుకి చెప్పడం కూడా అదే ఇంటర్‌ఫేస్ కాబట్టి ఆగిపోతుంది. హబ్‌లో ఆ ఇంటర్‌ఫేస్ మీద దాన్ని ఆపేయాలి, బ్రాంచీల్లో ముట్టుకోనక్కర్లేదు.

బీజీపీ అనే ప్రోటోకాల్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. అందరూ ఒకే ఏఎస్ నంబరులో (బీజీపీలో ఒక నెట్‌వర్క్‌కి ఇచ్చే నంబరు) ఉంటే, ఒక ఐబీజీపీ పొరుగు (అదే నంబరున్న రూటర్) నుంచి విన్నదాన్ని ఇంకో ఐబీజీపీ పొరుగుకి చెప్పకూడదన్నది నియమం. హబ్‌ని రూట్ రిఫ్లెక్టర్‌గా (విన్నదాన్ని మిగతావాళ్లకి చెప్పే అనుమతి ఉన్న రూటర్‌గా) చేస్తే చెబుతుంది. హబ్‌కి ఒక నంబరు, బ్రాంచీలన్నిటికీ కలిపి ఇంకో నంబరు ఇచ్చినా ఇబ్బందే. చిత్తూరు రూటు పలమనేరుకి చేరేసరికి దాని దారిలో తన నంబరే కనిపించి, ఇది తిరిగి నా దగ్గరికే వచ్చిన లూపు అనుకుని పలమనేరు దాన్ని తోసేస్తుంది. ప్రైవేటు నంబర్లు 64512 నుంచి 65534 దాకా ఉన్నాయి, బ్రాంచికొకటి ఇవ్వడానికి పిసినారితనం దేనికి?

ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్ వాడేవాళ్లు ఇలాంటి మల్టీపాయింట్ టన్నెల్ మీద నెట్‌వర్క్ టైపు ఏముందో చూసుకోవాలి. బ్రాడ్‌కాస్ట్ అయితే బ్రాంచీల ప్రయారిటీ సున్నా పెట్టాలి. లేకపోతే ఏదో ఒక బ్రాంచి పెద్దరికం తీసుకుంటుంది, మిగతా బ్రాంచీలు దానికి నేరుగా కనిపించవు.

పింగ్ పోతుంది, ఫైలు మాత్రం తెరుచుకోదు

రూటింగ్ అంతా సరిచేశాక పలమనేరు నుంచి మళ్లీ ఫోను: "పింగ్ వచ్చేసిందన్నా, కానీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెల్లగా నిలిచిపోతా ఉండాది." ఇది రూటింగ్ కాదు, ప్యాకెట్ సైజు. ఈథర్‌నెట్ మీద 1500 బైట్లు పడతాయి. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) ఫైబర్ కనెక్షన్ మీద 1492. దాని మీద జీఆర్ఈ అనే టన్నెల్ వేస్తే ఇంకో 24 పోతాయి, ఐపీసెక్ ఇంకొంచెం తింటుంది. అందుకే టన్నెల్ మీద 1400 పెట్టడం వాడుక. విండోస్ మామూలు పింగ్‌లో డేటా 32 బైట్లే కాబట్టి అది ఎందులోంచైనా దూరిపోతుంది. ఫైలు మాత్రం నిండు ప్యాకెట్లలో వస్తుంది. పెద్దది పట్టదని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని మధ్యలో ఎవరో ఫైర్‌వాల్‌లో కట్టేసి ఉంటారు. పంపేవాడికి కబురు అందదు, అదే ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటాడు.

తేల్చుకోవడం తేలిక. విండోస్ పింగ్‌లో ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి సైజు 1372 ఇవ్వండి. హెడర్ల 28 కలిపి సరిగ్గా 1400 అవుతుంది. పోకపోతే పోయేదాకా తగ్గిస్తూ రండి. ఆ అంకెకి 28 కలిపితే దారిలోని అతి ఇరుకైన చోటు తెలుస్తుంది. రెండు టన్నెళ్లు దాటుతున్నాం కాబట్టి రెండు రెట్లు కోత పడుతుందేమో అని కొందరు కంగారు పడతారు. అలా కాదు, తిరుపతిలో ఒకటి విప్పి ఇంకోటి చుడతారు. రెండింటిలో ఇరుకైనదే లెక్క.

మందు టీసీపీ ఎంఎస్ఎస్‌ని (ఒక ప్యాకెట్‌లో పెట్టే డేటా పరిమితిని) కత్తిరించడం: 1400 టన్నెల్‌కి 1360. మరి తిరుపతికి ముందు నుంచీ బాగానే ఉంది కదా, అంటే ఆ కోత ఎక్కడో ఉన్నట్టే కదా? ఉంది, తిరుపతి రూటర్ ల్యాన్ పోర్టు మీద ఉంది. బ్రాంచి నుంచి బ్రాంచికి పోయే ట్రాఫిక్ ఒక టన్నెల్‌లోంచి దిగి ఇంకో టన్నెల్ ఎక్కుతుంది, ల్యాన్ పోర్టుని తాకనే తాకదు. కోతని టన్నెల్ ఇంటర్‌ఫేస్‌ల మీదకి మార్చాలి.

టన్నెల్ పడిపోయి లేచాక

శ్రీకాళహస్తిలో కరెంటు పోయి టన్నెల్ పడిపోతుంది. తిరుపతి రూటింగ్ టేబుల్‌లోంచి 10.20.3.0 వరస మాయమవుతుంది. అప్పటిదాకా అక్కడి ఐపీ ఫోనుతో మాట్లాడుతున్న పరికరాల ప్యాకెట్లు డిఫాల్ట్ రూటు పట్టుకుని ఇంటర్నెట్ వైపు పోతాయి, ఫైర్‌వాల్ వాటికి ఒక సెషన్ తెరిచి నాట్ చేసేస్తుంది. కరెంటు వచ్చి టన్నెల్ లేచినా ఆ పాత సెషన్ చావదు, ఎందుకంటే ఆ పరికరాలు ఆగకుండా కొడుతూనే ఉంటాయి. వెబ్ పని చేస్తుంది, ఫోను మాత్రం రిజిస్టర్ కాదు. అందరూ ఫోనుని రీసెట్ చేస్తారు. చేయాల్సింది హబ్‌లో 10.20.0.0/16కి చాలా తక్కువ ప్రాధాన్యంతో ఒక బ్లాక్‌హోల్ రూటు. టన్నెల్ ఉన్నప్పుడు అది అడ్డు రాదు. లేనప్పుడు ప్యాకెట్‌ని అక్కడే పారేస్తుంది, ఇంటర్నెట్ దాకా పోనివ్వదు.

పలమనేరు నుంచి చిత్తూరు రోడ్డున సుమారు 40 కిలోమీటర్లు. ప్యాకెట్ మాత్రం తిరుపతి పోయి రావాలి, ఆపరేటర్‌ని బట్టి ఏ చెన్నైలోనో బెంగళూరులోనో తిరిగి రావాలి. స్టాకు ఎంట్రీలకి ఇది ఎవరూ గమనించరు. మాటకి గమనిస్తారు: ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలన్నది ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) సిఫారసు. కెమెరా దృశ్యాలైతే తిరుపతి లైనుని రెండుసార్లు తింటాయి, దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి. అలాంటి అవసరం నిజంగా ఉన్నప్పుడే డీఎంవీపీఎన్ (సిస్కో వీపీఎన్ పద్ధతి) మూడో దశ లాంటివి ఆలోచించాలి. అందులో మొదటి ప్యాకెట్ హబ్ మీదుగా పోతుంది, హబ్ అవతలివాళ్ల చిరునామా చెప్పి పక్కకి తప్పుకుంటుంది, బ్రాంచీలు నేరుగా టన్నెల్ కట్టుకుంటాయి. రెండు బ్రాంచీలూ 100.64 అడ్రసుల వెనక ఉంటే అక్కడ కూడా చుక్కెదురే. కనీసం ఒకదానికి స్టాటిక్ ఐపీ కొనాల్సి వస్తుంది.

ఇంత చేసి దారి తెరుచుకున్నాక, అన్ని బ్రాంచీల నుంచి అన్ని బ్రాంచీలకీ 'ఎనీ టు ఎనీ' అని ఒక పాలసీ రాసేసి చేతులు దులుపుకోవడం చాలామంది చేసే పని. నాకది నచ్చదు. పుత్తూరులో ఒక కంప్యూటరుకి వైరస్ సోకితే అది శ్రీకాళహస్తి బిల్లింగ్ కౌంటర్ దాకా పోవడానికి మనమే రోడ్డు వేసినట్టు. పలమనేరుకి కావాల్సింది చిత్తూరు సర్వర్‌లో ఒక్క పోర్టు. ఆ పోర్టుని, ఆ అడ్రసుని, పరీక్షకి పింగ్‌ని తెరవండి. పుత్తూరు వాళ్లకి శ్రీకాళహస్తితో ఏం పనో వాళ్లు ఫోను చేసినప్పుడు చూసుకోవచ్చు.